నివాళి రతన్ టాటాకా, ఫ్లెక్సీలకా?

సంపాదకుడు గారికి,

రతన్ టాటా వర్ధంతికి మన తిరుపతిలో జరిగిన సభ గురించి మీ జిల్లా పేజీలో వార్త చూశాను. వేదిక మీద కూర్చున్నవాళ్ళ పేర్లన్నీ, ఇంటిపేర్లతో సహా, ఒక్కటి కూడా పోకుండా వేశారు. అలిపిరి దగ్గర టాటాలు కట్టించిన క్యాన్సర్ ఆసుపత్రి ఊసు మాత్రం ఎక్కడా లేదు. మిమ్మల్ని అని లాభం లేదు లెండి, సభలోనూ ఎవరూ ఎత్తలేదు. నేనూ వెళ్ళి కూర్చున్నాను కాబట్టే చెబుతున్నాను.

ముఖ్య అతిథి తీరిగ్గా వచ్చాక ఒకాయన మైకందుకుని, ఎయిరిండియాను పెట్టింది రతన్ టాటాయేనని సెలవిచ్చారు. 1932లో జె.ఆర్.డి. టాటా మొదలుపెట్టిన సంస్థ అది. 1953లో ప్రభుత్వం తీసుకుంది, 2022లో మళ్ళీ టాటాల చేతికొచ్చింది. అయినా ఆ వక్త మాటకు అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ క్యాన్సర్ ఆసుపత్రికి టీటీడీ 25 ఎకరాలు ఇచ్చింది, టాటా ట్రస్టులు కట్టించాయి. 2018 ఆగస్టు 31న శంకుస్థాపనకు రతన్ టాటా స్వయంగా తిరుపతి వచ్చారు. 2022 మేలో ప్రారంభమైంది. ఒక ప్రభుత్వంలో పునాది, ఇంకో ప్రభుత్వంలో రిబ్బను. అయినా పని ఆగలేదు, మన దగ్గర అదే పెద్ద విశేషం! అంతకు ముందు పీలేరు, పలమనేరు వైపు వాళ్ళకు క్యాన్సరంటే రాయవేలూరు (వెల్లూరు), కాదంటే మద్రాసు. పొలమో నగో కుదువపెట్టి, రాని అరవంలో అవస్థలు పడిన కుటుంబాలు మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎన్నున్నాయో ఆ వక్తలు ఏ పల్లెలో అడిగినా చెప్పేవారు.

ఇంతా చేసి గేటు మీద ఆయన తన పేరు పెట్టుకోలేదు. శ్రీ వెంకటేశ్వర ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్యాన్సర్ కేర్ అండ్ అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ అని స్వామి పేరే పెట్టారు. ఆటోవాళ్ళు మాత్రం టాటా ఆసుపత్రి అనే అంటారు. టాటా కంపెనీలకు మాతృసంస్థ అయిన టాటా సన్స్‌లో దాదాపు 66 శాతం వాటా ఆయనది కాదు, ట్రస్టులదే. అందుకే అంత పెద్ద సంస్థను 1991 నుంచి 2012 దాకా నడిపిన మనిషి కుబేరుల జాబితాల్లో ఎప్పుడూ పైన కనపడలేదు.

మనవాళ్ళేమో చలివేంద్రం పెట్టినా కుండ కన్నా ఫోటో పెద్దది. ఈ సభ ఫ్లెక్సీల్లో పోయినాయన స్టాంపు బిళ్ళంత, ఆహ్వానించేవాళ్ళు నిలువెత్తు. ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని 2022లో ప్రకటించారు కదా, ఆ ఉత్తర్వు ఏ అల్మారాలో నిద్రపోతోందో! పేర్ల పిచ్చి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊరి నడుమ ఉన్న వంతెన గరుడ వారధిగా మొదలై, శ్రీనివాస సేతువై, పాలకులు మారాక మళ్ళీ గరుడ వారధి అయింది. కింద ట్రాఫిక్ మాత్రం ఏ పేరుకూ కదల్లేదు. ఇప్పుడు రతన్ టాటా పేరుతో ఇన్నొవేషన్ హబ్ కూడా వచ్చింది. మంచిదే. అందులో ఏం జరుగుతోందో ఆర్నెల్లకోసారైనా జనానికి చెబితే ఇంకా మంచిది.

సభ పెట్టినవాళ్ళకు నిజంగా భక్తే ఉంటే, ఫ్లెక్సీల ఖర్చుతో రోగుల వెంట వచ్చినవాళ్ళకు ఓ పూట అన్నం పెట్టించొచ్చు. స్విమ్స్ ఆసుపత్రి వారి పింక్ బస్సు పల్లెలకు క్యాన్సర్ పరీక్షలకు వచ్చిన రోజున, సిగ్గుపడి ఇంట్లోనే ఉండిపోయే ఆడవాళ్ళకు నచ్చజెప్పి తీసుకురావచ్చు. దానికి మైకు అక్కర్లేదు, శాలువా కూడా కప్పరు. అదే చిక్కు.

వర్ధంతి అయిపోయి ఇన్నాళ్ళైనా లీలామహల్ సర్కిల్‌లో ఆ ఫ్లెక్సీ ఇంకా సిగ్నల్ లైటుకు అడ్డంగానే ఉంది. కార్పొరేషన్ వారు కనీసం దాన్నైనా తీయించగలరా?

— విశ్రాంత ఉపాధ్యాయుడు, కొర్లగుంట, తిరుపతి