కలెక్టర్ గారూ, దావా సంగతి అడంగల్‌లో (పొలం సాగు రికార్డులో) రాయించండి

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

కోవూరు వైపు మా తాతగారి స్వార్జితం, రెండెకరాల మాగాణి. వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతుళ్లకూ సమాన వాటా. అయినా వన్‌బీలో, అంటే భూమి హక్కుల రికార్డులో, పెదనాన్న పేరొక్కటే ఎక్కింది. మేనత్తలకు నోటీసే రాలేదు. (పసుపు కుంకుమలతో సరిపెట్టే పెద్దరికం మా ఇంట్లోనూ ఉంది లెండి.)

పంపకాల దావా వేశాం. కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే ఇచ్చే అర్జీ) కూడా వేస్తే పెదనాన్న అమ్మకం ఆగుతుందని ఊళ్లో అందరి నమ్మకం. ఆగదు. మాకు చెప్పకుండా కోర్టు ఉత్తర్వు ఇవ్వకుండా చూస్తుందంతే, అదీ 90 రోజులు. ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి, దావా కనబడదు. దావా నడుస్తుండగా కొన్నవాడు తీర్పుకు కట్టుబడాల్సిందే. పాపం, వాడికా సంగతి తెలిసేదెలా?

మ్యుటేషన్‌కు (రికార్డులో పేరు మార్చడానికి) ముందు వారసులందరికీ నోటీసు ఇప్పించండి. దావా నంబరు అడంగల్ రిమార్కుల్లో రాయించండి.

ఇట్లు,
ఒక వారసుడు