గింజ చాటున దుప్పి

ఒరేయ్ శీనూ,

ఫొటో చూసి "అమెరికాలో పాతికేళ్ళుండి చివరికి నాటు తుపాకి పట్టావేంట్రా" అని నవ్వావు కదా, అందుకే ఈ ఉత్తరం. దాంతో ఎంత దూరం కొడతావనీ అడిగావు. ఆ లెక్క నాకూ మొన్న సెప్టెంబర్‌లోనే తెలిసింది, అదీ పరువు పోయాక.

ఇక్కడ కొలరాడోలో దుప్పి వేటకి లాటరీలో పర్మిట్ తగలాలి. మామూలు రైఫిళ్ళ వాళ్ళకంటే ముందు, సెప్టెంబర్‌లో తొమ్మిది రోజులు మూతిలోంచి తుపాకిమందు కూరే తుపాకుల వాళ్ళకి అడవి వదిలేస్తారు. షరతులు మాత్రం మగపెళ్ళివారు పెట్టినట్టుంటాయి. దూరాన్ని దగ్గరగా చూపే స్కోపు బిగించకూడదు, తుపాకిమందు బిళ్ళలుగా వాడకూడదు, పొడి మందే పోసుకోవాలి, గుండుకి ప్లాస్టిక్ తొడుగు ఉండకూడదు. ఒక్కసారి పేల్చాక మళ్ళీ మందు పోసి, సీసపు గుండు కూరి, కడ్డీతో దిగ్గొట్టి, మందుకి నిప్పంటించే చిన్న రాగి టోపీ పెట్టేసరికి దుప్పి పక్క జిల్లా చేరుకుంటుంది. బళ్ళో చదువుకున్నాం చూడు, 1857లో కొవ్వు పూసిన తూటాల గొడవ, ఆ ఎన్‌ఫీల్డూ ఈ జాతిదే.

అలాగని వీటిని తీసిపారెయ్యకు. 1874లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో ఐరిష్ వాళ్ళు ఇలా మూతిలోంచి కూరే రైఫిళ్ళతోనే 800, 900, వెయ్యి గజాల పోటీకి దిగారు. వెనకనుంచి తూటా పెట్టే కొత్త తుపాకులున్న అమెరికా వాళ్ళు 934-931తో గెలిచారు. మూడంటే మూడు పాయింట్లు! అందులోనూ ఒక ఐరిష్ మహానుభావుడు పక్కవాడి గురిపలక నడిబొడ్డులో కొట్టాడు. మన పరీక్షల్లో పక్కవాడి పేపర్ మీద జవాబు రాసినట్టు. వాళ్ళకీ స్కోపుల్లేవు. కానీ దూరం ముందే తెలుసు, వెనక ఎత్తు సర్దుకునే స్కేలూ సన్న రంధ్రమూ ఉన్నాయి, పలక నడిచిపోదు.

నా తుపాకి మీద గురి చూసుకోడానికి ఉన్నవి వెనకో గాడి, మూతి దగ్గరో గింజ, అంతే. గింజ వెడల్పు 2 మిల్లీమీటర్లు, కంటికి దాదాపు మీటరు దూరం. అంటే వంద మీటర్ల అవతల 20 సెంటీమీటర్లు కప్పేస్తుంది, రెండొందల దగ్గర 40. దుప్పి రొమ్ము లోతే అంత! గురి చూస్తున్నానంటే దుప్పిని గింజ చాటున దాచేస్తున్నట్టు. దీనికి తోడు నా చత్వారం. గింజ తేటగా కనిపిస్తే గాడి అలుక్కుపోతుంది, గాడి చూస్తే దుప్పి పొగమంచవుతుంది.

ఇక ఆ రోజు. సాయంత్రం సేజ్ పొదల మధ్య గాడిద చెవుల దుప్పి, అదే మ్యూల్ డీర్, పక్కకి తిరిగి నిలబడింది. అక్కడి గాలి ఎంత తేటగా ఉంటుందంటే, దూరమంతా దగ్గరే అనిపిస్తుంది. వంద గజాలే అనుకున్నా. దూరం కొలిచే యంత్రం జేబులోనే ఉంది, తీస్తే కదులుతుందేమోనని బద్ధకం. నొక్కాను. మన దీపావళి రీళ్ళ తుపాకిలా టోపీ టప్‌మంది, వెంటనే ఢామ్మని తెల్లటి పొగ. పొగ విడేదాకా నా ఘనకార్యం నాకే కనిపించలేదు. చూస్తే దుప్పి నాలుగు కాళ్ళూ ఒక్కసారే ఎగరేసి గెంతుకుంటూ పోతోంది. చీకటిపడేదాకా నేలంతా వెతికా, ఒక్క రక్తపు చుక్క లేదు. అది నిలబడ్డ చోటికి అవతల మట్టిలో గుండు గీసిన చాలు కనిపించింది. అక్కణ్ణుంచి కొలిస్తే నూట యాభై గజాలు! వందకి సర్దిన నా గుండు నూట యాభైకి జానెడు కిందకి దిగుతుంది. కడుపు కింద నుంచి పోయింది. ఇంకో నాలుగు వేళ్ళు పైకి తగిలుంటే కాలో పొట్టో చితికి, ఏ పొదలోనో రెండ్రోజులు కొట్టుకుని చచ్చేది. ఆ రాత్రి గుడారంలో నిద్ర పట్టలేదురా.

తిరిగొచ్చాక కాగితం పళ్ళేలు పెట్టి చూసుకున్నా. 75 గజాల దగ్గర ఐదుకి ఐదు, వంద దగ్గర మూడు, 125 దగ్గర ఒకటి, అదీ అంచుకి. కాబట్టి నీ ప్రశ్నకి జవాబు: 75.

ఈ తుపాకిమందు మసి వేడినీళ్ళతో కడక్కపోతే గొట్టం తుప్పు పడుతుంది. బాత్‌రూమ్‌లో కడుగుతుంటే ఇల్లంతా కుళ్ళిన కోడిగుడ్ల కంపు. మీ చెల్లెమ్మ ముక్కు మూసుకుని, "ఏమీ కొట్టకుండానే ఇంత కంపా, కొడితే ఇంకెంతో!" అంది. అమ్మకి నా నమస్కారాలు చెప్పు, తుపాకి సంగతి మాత్రం చెప్పకు.

నీ
రాజు