ఫస్ట్ టైమ్ పెల్విక్ ఫ్లోర్ ఫిజియోకి (మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింద నుంచి మోసే కండరాలకి చేసే ఫిజియోథెరపీ) వెళ్లేవాళ్లు ఒకసారి చూడండి

అక్కలూ చెల్లెళ్లూ, అపాయింట్‌మెంట్‌కి రెండు మూడు రోజుల ముందు నుంచే ఒక కాగితం మీద రాసుకోండి, నీళ్లు ఎన్ని తాగారు, కాఫీ టీ ఎన్నిసార్లు, యూరిన్‌కి ఎప్పుడెప్పుడు వెళ్లారు, తుమ్మినప్పుడో నీళ్ల బకెట్ ఎత్తినప్పుడో లీక్ అయిందా, ప్యాడ్ మార్చాల్సొచ్చిందా, అన్నీ, ఎందుకంటే అక్కడ కూర్చున్నాక అడిగితే ఒక్కటీ గుర్తు రాదు. మోషన్ గట్టిగా అవుతుంటే సిగ్గుపడకుండా అది కూడా చెప్పండి, ముక్కితే ఆ భారం పడేది ఈ పెల్విక్ ఫ్లోర్ కండరాల మీదే. డెలివరీ డిశ్చార్జ్ సమ్మరీ తీసుకెళ్లండి. వదులు బట్టలు చాలు.

యోని లోపల చెక్ చేస్తారనే కదా అందరి భయం! గ్లవ్స్ వేసుకుని వేలితో చూస్తారు, అదీ మీరు సరే అంటేనే, మొదటి రోజే చేయించుకోవాలని రూలేం లేదు, మధ్యలో ఆపమంటే ఆపాల్సిందే. లేడీ థెరపిస్ట్ కావాలంటే బుక్ చేసేటప్పుడే అడిగేయండి. పీరియడ్స్ వచ్చినా క్యాన్సిల్ చేయక్కర్లేదు, ఫోన్ చేసి చెప్పండి, ఆ చెకప్ ఒక్కటి ఇంకోసారి చేయించుకోవచ్చు.

ఇంకోటి, యూట్యూబ్ చూసి కీగెల్స్ (ఈ కండరాల్ని బిగించి వదిలే ఎక్సర్‌సైజులు) మొదలెట్టేయకండి ప్లీజ్, కొందరికి కండరం వదులైపోయి కాదు, బిగుసుకుపోయి ఉంటుంది, వాళ్లు ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. గ్రూప్‌లో అడగలేనివి ఉంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి.