మా మాస్టారు "చూద్దామమ్మా" అంటే అర్థం ఏమిటంటే

విజయనగరం గంటస్తంభం దగ్గర మా షాపులో జాకెట్లు కుట్టించుకునే అక్కలకీ, చెల్లెళ్లకీ ఒక మాట. పోయిన పైడితల్లమ్మ సిరిమాను పండక్కి పదకొండు మందికి టైముకి ఇవ్వలేకపోయాం. మిషను పాడైందని అప్పుడు చెప్పాను, అది అబద్ధం. సిరిమానుకి ముందురోజు, తొలేళ్ల సోమవారం సాయంత్రం ఒకావిడ పట్టుచీర చేత్తో పట్టుకుని వచ్చి "జాకెట్టు లేకుండా ఏటి కట్టుకోమంటావమ్మా?" అన్నారు, గొంతు కూడా పెంచకుండా. అప్పటికి దానికి చేతులే వెయ్యలేదు, హుక్కుల సంగతి సరేసరి.

అసలు సంగతి ఇదీ. మా కటింగ్ మాస్టారు మాట తక్కువ మనిషి, ఎవరికీ కాదని చెప్పలేరు. "చూద్దామమ్మా" అంటారు, అంటే కుదరదని. కౌంటర్లో ఉండే అమ్మాయికేమో వచ్చినవాళ్లు నవ్వుతూ వెళ్లాలి, ఆ చూద్దాం అన్నమాటే దానికి అయిపోతుందన్నట్టు వినపడి రసీదు మీద డేటు వేసేసేది. నేను ఇద్దరి మీదా ఒకేలా అరిచేదాన్ని. అమ్మాయి పది నిమిషాల్లో మర్చిపోయేది, మాస్టారు మాత్రం ఆ పూటంతా నోరు విప్పేవారు కాదు, కత్తెర చప్పుడొక్కటే.

వైజాగ్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడికి ఆఫీసులో డిస్క్ అని ఏదో ట్రైనింగ్ ఇచ్చారు. మార్‌స్టన్ అనే అమెరికా సైకాలజిస్టు 1928లో మనుషుల తీరు నాలుగు రకాలని రాసిన దాంట్లోంచి వచ్చిందట. ఇప్పటి లెక్కలో తోసుకుపోయేవాళ్లు, మాటలతో కలుపుకునేవాళ్లు, నిదానస్తులు, పద్ధతి తప్పనివాళ్లు. నేను మొదటి రకమని వాడు నవ్వుతూ అన్నాడు గానీ నాకు కాలింది. ఆ మార్‌స్టన్ పరీక్షేమీ పెట్టలేదు, ప్రశ్నల పేపర్లు తర్వాతివాళ్లు తయారుచేసినవే, కాబట్టి ఎవరి నుదుటి మీదా ముద్ర వెయ్యదలుచుకోలేదు. అంత నిదానస్తుడైన మాస్టారే ఆది జాకెట్టుకి అర అంగుళం తేడా వస్తే నా మాట కూడా వినరు, మరి ఆయన్ని ఏ గడిలో పెట్టను?

ఇప్పుడు డేటు అమ్మాయి వెయ్యదు. సాయంత్రం టీ తాగేటప్పుడు, ఎవరూ లేకుండా చూసి, ఎన్ని అవుతాయని మాస్టారిని నేనే అడుగుతాను. ఆయనే పుస్తకంలో డేటు రాస్తారు. మొన్న మొదటిసారి "ఇరవై కాదమ్మా, పన్నెండు" అన్నారు. ఎనిమిది ఆర్డర్లు పోయాయి, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే విషయం.

ఈసారి సిరిమానుకి కావాలంటే మగ్గం వర్క్ జాకెట్లు వినాయక చవితి వెళ్లగానే, మామూలువి మహాలయ అమావాస్య లోపు ఇచ్చెయ్యండి. దసరా అయ్యాక వచ్చి నన్ను తప్పించుకుని నేరుగా మాస్టారిని అడిగితే ఆయన చూద్దామమ్మా అంటారు. అర్థం పైన రాశాను.