కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి: పని పోయినవాళ్లు లెక్కలో ఎందుకు కనబడలేదు?

మంత్రి గారూ, నమస్కారం.

2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా పట్టణాల్లో నిరుద్యోగం దాదాపు 21 శాతం అని ప్రభుత్వ సర్వేనే చెప్పింది. అదే సర్వే ఏడాది మొత్తానికి ఇంకో పద్ధతిలో వేసిన లెక్కలో మాత్రం 2018-19లో 5.8 ఉన్నది 2019-20లో 4.8కి, ఆ మరుసటి ఏడాది 4.2కి దిగింది. కరోనా కాలంలో నిరుద్యోగం తగ్గిందంటే నమ్మేదెలా సార్?

మా వీధిలో ఓ సైన్సు మాస్టారు ఉన్నారు, ప్రైవేటు బడిలో ఏళ్లుగా పాఠం చెప్పినాయన. బడి మూసేశారు, జీతం ఆపేశారు, పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఇడ్లీ బండి పెట్టుకున్నారు, తన దగ్గర చదివిన పిల్లలు పార్శిల్ కోసం వస్తే తల దించుకుని చట్నీ కట్టి ఇచ్చేవారు. సర్వే ప్రకారం ఆయన నిరుద్యోగి కాదు, స్వయం ఉపాధి. నగరంలో పని పోయి ఊరికొచ్చి, అన్న పొలంలో పైసా కూలి లేకుండా కలుపు తీసిన కుర్రాడూ ఉద్యోగి కిందే లెక్క. పనిచేసేవాళ్లలో వ్యవసాయం మీద బతికేవాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం ఉంటే 2020-21కి 46.5 అయింది, పొలాల్లో కొత్తగా పని పుట్టి కాదు, వేరే దిక్కు లేక.

తెలంగాణలో 2021లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. చాలదు, కానీ ఇవ్వొచ్చని తెలిసింది కదా. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు పని పోతే సగం జీతం 90 రోజుల దాకా ఇచ్చే పథకం మీ శాఖలోనే ఉంది, మరి అసలు ఈఎస్ఐ లేని కోట్లమంది సంగతి?

లాక్‌డౌన్‌లో వలస కార్మికుల మరణాల లెక్క లేదని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో చెప్పింది మీ శాఖే. ఆ తర్వాత 2021లో అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్ పోర్టల్ పెట్టారు, 30 కోట్లమందికి పైగా అందులో పేర్లు రాయించుకున్నారు, ఆధార్ ఇచ్చారు. ఇక లెక్క లేదనడానికి వీల్లేదు. మళ్లీ ఎప్పుడైనా ప్రభుత్వమే పనులు ఆపమంటే, ఆ వారంలోనే ఈ-శ్రమ్‌లో ఉన్నవాళ్ల ఖాతాల్లో నిరుద్యోగ భృతి పడేలా ఇప్పుడే చట్టం తెండి. ఎవరూ దరఖాస్తు పట్టుకుని లైన్లో నిలబడే అవసరం రాకూడదు. ప్రైవేటు టీచర్లను కూడా అందులో చేర్చండి.