ఆరోగ్యశ్రీలో ఏ వైద్యం మేలో తేల్చేదెవరు?

సంపాదకుడి గారికి,

ఆసుపత్రులకు ప్రభుత్వం చెల్లించాల్సిన ఆరోగ్యశ్రీ బకాయిలపై గత వారం మీరు వేసిన వార్త, ఆ మర్నాటి నుంచి నాయకుల మధ్య మొదలైన లెక్కల కొట్లాట చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఎవరి హయాంలో ఎంత బాకీ పడిందన్నదే గొడవంతా. ఆ డబ్బుతో చేసిన వైద్యం వల్ల రోగికి ఒరిగిందెంత అని అడిగిన నాయకుడు ఒక్కరూ కనిపించలేదు.

2007లో మొదలైన ఈ పథకం ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, కాదనను. కానీ 2023 డిసెంబరులో ఒకే నెలలో తెలంగాణ 10 లక్షలు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలు అంటూ ఉచిత వైద్యం పరిమితిని వేలంపాటలా పెంచారే, ఏ చికిత్స ఎవరికి మేలో తేల్చే పని మాత్రం ఎవరికీ పట్టలేదు.

గుండె జబ్బు సంగతే చూడండి. గుండెపోటు వచ్చిన వెంటనే వేసే స్టెంటు ప్రాణం కాపాడుతుంది, అందులో వాదన లేదు. నడిస్తే ఛాతీ నొప్పి వచ్చి, ఆగితే తగ్గిపోయే నిలకడైన జబ్బు వేరు. అలాంటి ఐదు వేల మందికి పైగా రోగులను పరిశీలించిన ఇస్కీమియా అధ్యయనం 2020లో వెలువడింది. ముందే స్టెంటో బైపాసో చేసినా, మొదట మందులతోనే నెట్టుకొచ్చినా మరణాల్లో తేడా తేలలేదు. నొప్పి మాత్రం ముందే స్టెంటో బైపాసో చేయించుకున్నవారికే ఎక్కువ తగ్గింది. మన పథకం పుట్టిన 2007లోనే కరేజ్ అధ్యయనం ఇంచుమించు ఇదే చెప్పింది. ఈ రెండు దారులనూ రోగి ముందుంచి విడమరిచి చెప్పే తీరిక ఎవరికుంది? స్టెంటుకు పథకంలో ప్యాకేజీ, అంటే ఆసుపత్రికి చెల్లించే నిర్ణీత మొత్తం ఉంది. రోజూ వేసుకోవలసిన బీపీ మాత్రలకు మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే వినిపించేది 'స్టాకు లేదు, వచ్చే వారం రండి' అనే. ఆ వచ్చే వారం ఏ పంచాంగంలోనూ లేదు.

కాన్పుల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. తెలుగు తల్లులకే ఇన్ని కోతలు ఎందుకు అవసరమవుతున్నాయో ఏ మంత్రిగారైనా వివరిస్తే వినాలని ఉంది.

చికిత్సల ఫలితాన్నీ ఖర్చునూ తూచి చెప్పడానికి బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 1999 నుంచి ఉంది. మన కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ కూడా 2017లో ఇలాంటి పనికే, అంటే ఆరోగ్య సాంకేతికతల మదింపు కోసం ఒక వ్యవస్థను పెట్టింది. మన రాష్ట్రాల్లో ప్యాకేజీల జాబితా రాసే అధికారులు దాని నివేదికలను ఒక్కసారైనా తిరగేస్తున్నారా? ఆరోగ్యశ్రీ కార్డు మీద ఎవరి ఫొటో ఉండాలన్న దాని మీద జరిగినంత చర్చ అయినా దీని మీద జరిగిందా?

శస్త్రచికిత్స జరిగిన ఏడాదికి రోగి ఎలా ఉన్నాడో ఆసుపత్రుల వారీగా నమోదు చేసి బయటపెట్టమని ప్రభుత్వాలను అడగండి. బకాయిల లెక్క ఎలాగూ రోజూ అచ్చవుతోంది, దాని పక్కనే ఈ లెక్కకూ కాస్త చోటివ్వండి.

– ఒక విశ్రాంత ఫార్మసిస్టు, తెనాలి