ఆ తల్లీకొడుకులకు తోడు నిలిచిన మీ అందరికీ

పోయిన శనివారం మా ఉక్రెయిన్ అతిథులు తాము అద్దెకు తీసుకున్న ఇంటికి మారారు. పదమూడు నెలల కిందట, 2022 జూన్‌లో మా గుమ్మంలో దిగినప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నవి ఒక సూట్‌కేసు, పిల్లవాడి బడి సంచి. మొన్న సామాను తరలించడానికి పక్కింటాయన వ్యాను రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. అందులో ముప్పావు వంతు మీరంతా ఇచ్చినవే.

అప్పటి నుంచి బంధువులు ఫోను చేసి "ఎంత పుణ్యం కట్టుకున్నారమ్మా" అంటున్నారు. ఆ మాటను మా ఇంటి నలుగురమే ఉంచేసుకోవడం న్యాయం కాదు. మా వీధివారికి ఇంగ్లీషులో విడిగా ఉత్తరం రాశాను. ఇక్కడ ఇంగ్లండులో, రెడింగ్‌లోని మన తెలుగు కుటుంబాలకు మాత్రం తెలుగులోనే చెప్పుకోవాలనిపించింది.

మేము ఈ పనికి ఎందుకు పూనుకున్నామో మీలో కొందరికి తెలుసు. రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలుపెట్టిన 2022 ఫిబ్రవరి 24న మా పెద్దమ్మ మనవడు ఆ దేశంలోని ఖార్కివ్‌లో వైద్యవిద్య చదువుతున్నాడు. మార్చి 2న, వాహనాలు దొరకకపోతే నడిచైనా సరే వెంటనే ఆ నగరం విడిచి వెళ్ళమని మన ఎంబసీ చెప్పింది. ఆ రాత్రి గుంటూరులో మా పెద్దమ్మ దేవుడి గదిలోంచి లేవలేదు. వాడు నడిచి, రైళ్ళు పట్టుకుని, చివరికి సరిహద్దులోని మెడికా దగ్గర పోలండ్‌లో అడుగుపెట్టాడు. అక్కడ ఒక ముసలావిడ వేడి సూప్ గ్లాసు చేతికిచ్చి, తన మెడలోని మఫ్లర్ తీసి వాడికి చుట్టిందట. మన విద్యార్థులను వెనక్కి తెచ్చిన భారత ప్రభుత్వపు ఆపరేషన్ గంగ విమానంలో ఢిల్లీ చేరాక వాడు మొదట చెప్పింది ఆవిడ గురించే. ఆవిడ పేరు మాకు తెలియదు, ఆ రుణం ఆవిడకు తీర్చే దారీ లేదు. అందుకే ఇక్కడి ప్రభుత్వం ఉక్రెయిన్ నుంచి వచ్చేవాళ్ళకు ఇళ్ళలో చోటిచ్చే హోమ్స్ ఫర్ ఉక్రెయిన్ పథకం పెట్టగానే పిల్లలిద్దరినీ ఒకే గదిలోకి మార్చి, రెండో గది ఖాళీ చేశాం.

గది ఇవ్వడమే పెద్ద పని అనుకున్నాం. అన్నిటికంటే తేలికైన పని అదేనని వారం తిరగకముందే అర్థమైంది. కౌన్సిల్ వాళ్ళు వచ్చి ఇల్లు చూసుకున్నారు, ఆతిథ్యమిచ్చినందుకు నెలకు 350 పౌండ్లు, ఏడాది దాటాక 500 పౌండ్లు ఇచ్చారు. ఆ డబ్బు ఉపయోగపడింది. కానీ పిల్లవాడికి బడిలో సీటు, బ్యాంకు ఖాతా, డాక్టరు దగ్గర నమోదు, వీసా కార్డు... వీటి చుట్టూ ఉద్యోగాలు చేసుకునే మేమిద్దరం ఎన్ని రోజులని తిరగగలం? ఎదురింటి విశ్రాంత నర్సు ఆమెను దగ్గరుండి తిప్పింది. వారానికి రెండు రోజులు మీలో ఒకరు ఇంగ్లీషు నేర్పారు. చివర్లో ఇల్లు వెతికేటప్పుడు ఒక ఇంటి యజమాని ఆరు నెలల అద్దె ముందే కట్టమన్నాడు. ఇంకొకరు హామీదారు కావాలన్నారు. పదమూడు నెలల పరిచయంతో ఒక పెద్దాయన ఆమె తరఫున సంతకం పెట్టారు. పేరు రాయవద్దన్నారు కాబట్టి ఆగిపోతున్నాను.

దీపావళి సంగతి మాత్రం రాయకుండా ఉండలేను. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. ఖార్కివ్ మెట్రో స్టేషన్‌లో పన్నెండు రాత్రులు నేలమీద పడుకుని వచ్చినవాడు. పైన ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే బల్ల కిందికి దూరేవాడు. నేను మొహమాటపడుతూ మన వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట రాశాను. ఆ ఏడు మీరెవరూ ఒక్క టపాకాయ కూడా కాల్చలేదు. కొని పెట్టుకున్నవాళ్ళు తిరిగి ఇచ్చేశారు. మీ పిల్లలు అలిగి ఉంటారు, ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళకు ప్రత్యేకంగా నా ముద్దులు.

ఆ రోజే వంటింట్లో నేను కజ్జికాయలు చేస్తుంటే ఆమె వచ్చి నిలబడింది. అడగకుండానే ఒక పూరీ చేతిలోకి తీసుకుని, కొబ్బరి లౌజు పెట్టి, మడిచి, అంచును వేళ్ళతో నొక్కుతూ మెలికలు తిప్పింది. మా అమ్మ చేతి మెలికే! పిండి పూరీలో కూర పెట్టి మడిచి ఉడికించే వాళ్ళ వరేనికీలకూ అదే అంచు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని ఏడ్చేశాం. భాష అక్కర్లేకపోయింది. ఆమె భర్త ఇంకా అక్కడే ఉన్నాడు. అప్పట్లో 18 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళు దేశం దాటడానికి వీల్లేకపోయింది. రోజూ రాత్రి భోజనాల వేళ ఫోనును ఆవకాయ జాడీకి ఆనించి పెట్టేవాళ్ళు, నాన్న తెర మీద నుంచి కొడుకు తినడం చూసేవాడు. ఆ పిల్లవాడు నేర్చుకున్న మొదటి తెలుగు మాట "చాలు". మా అత్తగారి వడ్డన అలాంటిది మరి.

వెళ్ళే ముందు రోజు ఆమె బంగాళదుంప పెట్టి వరేనికీలు చేసి మా ఫ్రీజరు నింపింది. ఇంటికొక డబ్బా, మీ పేర్లు తానే రాసి అంటించింది. కొన్ని అక్షరాలు తప్పాయి, నేను దిద్దలేదు. ఆదివారం సాయంత్రం వచ్చి మీ డబ్బాలు తీసుకువెళ్ళండి. మరిగే ఉప్పునీళ్ళలో వేసి, పైకి తేలాక రెండు నిమిషాలు ఆగి తీస్తే సరిపోతుందట.